జీతం ఒకటిన్నర రెట్లు: మారాలా, వద్దా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. 12 ఏళ్లుగా ఒక చిన్న సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. పని మీద విసుగేమీ లేదు, లెక్క తేలినప్పుడు హాయిగానే ఉంటుంది. ఇల్లు గడుస్తోంది గానీ నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలదు. నాతో చదువుకున్న ఒకడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, నాకు నాలుగు రెట్లు సంపాదిస్తున్నాడు. ఇంకొకడు చదువు మధ్యలో ఆపేసి ఎలక్ట్రీషియన్ అయ్యాడు, వాడూ నాకంటే ఎక్కువే తెస్తున్నాడు. మా చెల్లెలు నర్సు, బావ బస్సు డ్రైవరు. అందరం కలిస్తే మాటలు జీతాల దగ్గరికే వస్తాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. ఇప్పుడు నాకు ఒక సేల్స్ ఉద్యోగం వచ్చింది. నా జీతానికి ఒకటిన్నర రెట్లు అంటున్నారు, అందులో కొంత టార్గెట్ అందుకుంటేనే. ఇప్పుడు రోజుకు 8 గంటలు, వారానికి 6 రోజులు చేస్తున్నాను. అక్కడ 11 గంటలు పడుతుందని విన్నాను, ప్రయాణం కూడా రెట్టింపు. మారాలా? అసలు జీతం, తృప్తి రెండూ ఉన్న ఉద్యోగం ఏది?
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు)

సమాధానం: ఈ సేల్స్ ఉద్యోగానికి ఇప్పుడే సరేననకండి. అలాగని ఉన్నచోటే ఉండిపొమ్మని కూడా అనను. నెలాఖరుకు ఏమీ మిగలకపోవడం నిజమైన ఇబ్బంది, దానికి ఏదో ఒకటి చెయ్యాల్సిందే. మీకు మూడో దారి ఒకటుందని నాకనిపిస్తోంది. దాని దగ్గరికి వచ్చేముందు మీరు పోల్చుకుంటున్న తీరు గురించి మాట్లాడాలి, ఎందుకంటే మీ నిద్ర చెడగొడుతున్నది అదే.

మొదట మీ ఆఫర్. మీరు లెక్కలు చూసే మనిషి కాబట్టి కాగితం మీద పెట్టి చూద్దాం. మీ ఇప్పటి జీతం 100 అనుకోండి. వారానికి పని 48 గంటలు, రాకపోకలకు ఒక 5 గంటలు వేసుకుంటే మొత్తం 53. కొత్త చోట జీతం 150, పని 66 గంటలు, రాకపోకలు 10, మొత్తం 76. ఉద్యోగం కోసం మీరిచ్చే ఒక్కో గంటకు ఎంత వస్తోందో భాగించి చూడండి. ఇప్పుడు దాదాపు 1.89, అక్కడ 1.97. జీతం సగం పెరిగినట్టు కనిపిస్తోంది గానీ గంటకు పెరిగింది నూటికి 5 కూడా లేదు. మిగతాదంతా మీరు ప్రతి వారం అదనంగా ఇచ్చే 23 గంటలకు వచ్చే డబ్బు. అదీ టార్గెట్ ప్రతి నెలా అందితేనే. ఆ 150లో ఖాయంగా వచ్చేది ఎంతో మీరు రాయలేదు. ఒకవేళ 90 అయితే, టార్గెట్ తప్పిన నెలలో గంటకు 1.18 వస్తుంది, ఇప్పటికంటే మూడో వంతుకు పైగా తక్కువ.

66 గంటలన్నది నన్ను ఇంకో కారణానికి కూడా భయపెడుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు ఆపైన చేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది. ఇదేదో ఒక వృత్తికి పరిమితమైన సంగతి కాదు. జీతం ఎంతైనా, కుర్చీలో కూర్చుని చేసినా తిరిగి చేసినా, గంటల బరువు ఒంటి మీద పడుతుంది.

ఇక మీ స్నేహితులు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నతని జీతం నాలుగు రెట్లు ఉందంటే అతను మీకంటే నాలుగు రెట్లు కష్టపడుతున్నాడని గానీ, మీ పని విలువ నాలుగో వంతే అని గానీ అర్థం చేసుకోకండి. ఒకసారి రాసిన ప్రోగ్రామును లక్షలమంది వాడుకోవచ్చు. దాన్ని అమ్ముకునే సంస్థకు ఒక్కో మనిషి మీద వచ్చే రాబడి ఎక్కువ, ఆ పని బాగా తెలిసినవాళ్ల కోసం పోటీ పడే సంస్థలూ ఎక్కువ. మీరు చూసే లెక్కలు ఒక్క సంస్థవి. ఆ సంస్థ చిన్నది కాబట్టి మీ జీతానికీ అక్కడ ఒక హద్దు ఉంటుంది. మీరు రెట్టింపు శ్రద్ధగా చేసినా ఆ హద్దు పెద్దగా కదలదు. ఆ పనికి మనుషులు ఎంత అరుదుగా దొరుకుతారు, యజమాని చేతిలోకి ఎంత డబ్బు వస్తుంది, బేరమాడే బలం ఎవరికెంత ఉంది, జీతాన్ని ఎక్కువగా తేల్చేవి ఈ మూడే. ఇందులో మనిషి గొప్పతనానికి దక్కే చోటు చాలా తక్కువ.

ఎలక్ట్రీషియన్ సంగతి వేరు, అది ఆసక్తికరం కూడా. వృత్తికీ వృత్తికీ మధ్య కూలి ఎందుకు మారుతుందో 1776లోనే ఆర్థికవేత్త ఆడం స్మిత్ ఐదు కారణాలు చెప్పాడు: పని ఎంత సులువు లేదా ఎంత దుర్భరం, నేర్చుకోవడానికి ఎంత ఖర్చు, పని ఏడాది పొడవునా దొరుకుతుందా, చేసేవాడి మీద ఎంత నమ్మకం పెట్టాలి, ఆ వృత్తిలో నిలదొక్కుకునే అవకాశం ఎంత. తాపీమేస్త్రీని ఉదాహరణగా తీసుకున్నాడు. గడ్డకట్టే చలిలో, వాన రోజుల్లో మేస్త్రీకి పని ఉండదు. పని ఉన్న రోజున అతను సంపాదించేది ఖాళీ రోజుల్లో తిండి పెట్టడమే కాదు, ఆ రోజుల్లో పడే దిగులుకు కూడా కాస్త పరిహారం కావాలంటాడు స్మిత్. మీ స్నేహితుడు చెప్పే నెల సంపాదనలో ఆ ఖాళీ రోజులున్నాయా? పనిముట్ల ఖర్చు, బండి ఖర్చు తీసేశాకే చెబుతున్నాడా? అతను జ్వరంతో పడుకున్న రోజు ఎవరూ జీతం ఇవ్వరు. నిచ్చెనలెక్కే పని 55 ఏళ్ల వయసులో ఇంత వేగంగా చెయ్యలేడు. ఇవన్నీ పోయాక కూడా అతనికి మీకంటే ఎక్కువ మిగలొచ్చు. మిగిలితే సంతోషం, చేతిపని చేసేవాడికి ఆమాత్రం దక్కాలి. కానీ మీరు అతని మంచి నెలను మీ మామూలు నెలతో పోలుస్తున్నారేమో చూసుకోండి.

స్మిత్ చెప్పినవాటిలో మొదటి కారణం మాత్రం లోకంలో తరచూ తలకిందులవుతుంది. పని దుర్భరమైన కొద్దీ కూలి పెరగాలి. మరి మురుగు తీసేవాళ్లకు, ఆసుపత్రి వార్డులు కడిగేవాళ్లకు, రాత్రంతా కాపలా కాసేవాళ్లకు ఎందుకంత తక్కువ? వేరే పని దొరకనివాళ్లు ఎంతోమంది ఉన్నచోట యజమాని పరిహారం ఇవ్వాల్సిన అవసరం రాదు. కాదని వెళ్లిపోగలిగినవాడికే ఆ పరిహారం అందుతుంది. జీతాల గురించి మాట్లాడేటప్పుడు ఈ విషయాన్ని వదిలేస్తే అది అన్యాయమని నా నమ్మకం.

ఐదింటిలో మీకు నేరుగా పనికొచ్చేది నమ్మకం. కంసాలికి మంచి కూలి ముట్టడానికి కారణం అతని చేతిలో పెట్టే బంగారమే అన్నాడు స్మిత్. 12 ఏళ్లు ఒకే చోట, ఇతరుల డబ్బు లెక్కలు చూస్తూ, మచ్చ లేకుండా నిలబడ్డ మనిషి మీరు. దీనికి బయట విలువ ఉంది. సేల్స్ ఉద్యోగంలో చేరిన రోజు ఆ విలువలో చాలా భాగాన్ని మీరు పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే అక్కడ మీరు కొత్తవారు.

ఇప్పుడు తృప్తి. జీతానికీ ఉద్యోగంలో తృప్తికీ ఉన్న సంబంధం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లోంచి 92 నమూనాలను కలిపి పరిశోధకుడు టిమొతీ జడ్జ్, ఆయన సహచరులు 2010లో లెక్కగట్టారు. సంబంధం సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలమానంలో వాళ్లకు వచ్చింది 0.15. అంటే మనుషుల తృప్తిలో కనిపించే తేడాల్లో జీతంతో కలిసి నడిచేది నూటికి రెండు పాళ్లు. మిగతాది వేరే ఎక్కడో ఉంది.

ఇంత మాత్రాన డబ్బుతో సుఖం రాదని మీకు నీతి చెప్పను. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ 2010లో ఒక స్థాయి దాటాక ఆదాయం పెరిగినా రోజువారీ సంతోషం పెరగదని చెప్పారు. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ 2021లో అలాంటి హద్దేదీ కనిపించలేదన్నాడు. 2023లో కానమన్, కిల్లింగ్స్‌వర్త్, బార్బరా మెల్లర్స్ కలిసి కూర్చుని రెండు లెక్కలనూ మళ్లీ చూశారు. చాలామందిలో ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే ఉందనీ, ఆ ఎదుగుదల ఆగిపోయేది అందరికంటే తక్కువ సంతోషంగా ఉన్నవారిలోనేననీ తేల్చారు. ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. సంతోషంలో తేడా తెచ్చేది పెరిగిన మొత్తం కంటే, ఉన్న ఆదాయంలో అది ఎన్నో వంతన్నదే. మీ ఇంట్లో ఒక చిన్న మొత్తం చేసే మేలు మీ స్నేహితుడి ఇంట్లో అదే మొత్తం చెయ్యదు. మీకు నాలుగు రెట్లు అక్కర్లేదు, ఐదో వంతు పెరిగినా ఇంట్లో తెలుస్తుంది.

జీతం కానప్పుడు తృప్తి దేనివల్ల వస్తుంది? నేను చదివినవాటిలో, నాకు తెలిసిన మనుషుల్లో, మళ్లీ మళ్లీ కనిపించేది ఒకటే: పని మీద మన చెయ్యి ఎంత ఉందన్నది. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులు 10,308 మందిని 1985 నుంచి మైకేల్ మార్మట్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. అందరూ ఆఫీసు మనుషులే, ఆకలితో ఉన్నవాళ్లు ఎవరూ లేరు. అయినా కింది స్థాయి గుమాస్తాలకు పై అధికారుల కంటే గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది. సిగరెట్లు, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలింది. ఆ మిగిలినదానిలో పెద్ద భాగం, తమ పనిని ఎప్పుడు ఎలా చెయ్యాలో తాము నిర్ణయించుకోలేకపోవడంతో ముడిపడి ఉందని వాళ్లు 1997లో చూపించారు. పై అధికారికి పని ఒత్తిడి తక్కువని కాదు. ఒత్తిడి ఉండి, చేతిలో నిర్ణయం లేకపోవడమే మనిషిని నలిపేస్తుంది.

మీ బావ పనిని ఈ కళ్లతో చూడండి. ఎప్పుడు బయల్దేరాలో, ఏ దారిన వెళ్లాలో, ఎక్కడ ఆగాలో అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. ట్రాఫిక్ మాత్రం ఎవరి మాటా వినదు. ఆలస్యమైతే ప్రయాణికుల మాటలు పడేది ఆయనే. పైగా రోజంతా కూర్చుని చేసే పని. లండన్ బస్సుల్లో కూర్చునే డ్రైవర్లకు, రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే గుండెజబ్బు ఎక్కువని 1953లో జెర్రీ మోరిస్ చూపించాడు. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధం మీద పెద్దఎత్తున జరిగిన తొలి పరిశోధనల్లో అదొకటి. మీ బావ జీతం మీకంటే ఎక్కువైనా తక్కువైనా, అందులో కొంత ఆయన ఒంటికి చెల్లిస్తున్న ధర ఉంది.

మీ చెల్లెలిది ఇంకో రకం. ఒక మనిషి ఈ రోజు తేరుకుంటే అందులో తన చెయ్యి ఉందని ఆమెకు కళ్లముందే తెలుస్తుంది. అలాంటి తృప్తి చాలా వృత్తుల్లో దొరకదు. కానీ రాత్రి డ్యూటీలు వదలవు. రాత్రి షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో వర్గీకరించింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట నిలబెట్టింది. ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. నర్సులకు, టీచర్లకు, పసిపిల్లలను, ముసలివాళ్లను చూసుకునేవాళ్లకు తక్కువ జీతం ఇచ్చి "మీది సేవ, మీకు తృప్తి ఉంది కదా" అనేవాళ్లున్నారు. ఆ మాటను ఒప్పుకోవద్దు. తృప్తితో అద్దె కట్టలేం. పనిని ప్రేమించేవాళ్లు గొడవపడకుండా చేస్తారనే ధీమాతోనే వాళ్ల జీతాలు పెరగకుండా ఉంచుతారు. మీ చెల్లెలు ఎప్పుడైనా జీతం చాలడం లేదంటే, నీ పని గొప్పది కదమ్మా అని సర్దిచెప్పకండి. ఆమె పక్కన నిలబడండి.

వృత్తి పేరును బట్టి తృప్తిని ఎందుకు కొలవలేమో చెప్పే ఒక చిన్న పరిశోధన ఉంది, అది మీ పనికి దగ్గరగా ఉంటుంది కూడా. ఎయిమీ రెజ్‌నెస్కీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఆఫీసు సహాయకులు 24 మంది ఉన్నారు. పని ఒకటే. అయినా దాన్ని పొట్టకూటి పనిగా చూసేవాళ్లు, పైకి ఎదిగే మెట్టుగా చూసేవాళ్లు, ఇదే నా పని అని మనసారా చేసేవాళ్లు అని విడదీస్తే మూడు వంతులూ ఇంచుమించు సమానంగా తేలాయి. 24 మంది చిన్న సంఖ్యే, దాని మీద పెద్ద మేడలు కట్టలేం. కానీ ఒకే కుర్చీ ముగ్గురికి మూడు రకాలుగా ఉంటుందన్నది ఏ ఆఫీసులోనైనా మనం చూసేదే. అందుకే "జీతం, తృప్తి రెండూ ఉన్న ఉద్యోగం ఏది" అన్న మీ ప్రశ్నకు ఒక వృత్తి పేరు రాసి ఇవ్వలేను. మీరు మాత్రం మీ ఉత్తరంలోనే సగం జవాబు రాశారు, లెక్క తేలినప్పుడు హాయిగా ఉంటుందని. 12 ఏళ్ల తర్వాత కూడా ఆ మాట అనగలగడం చిన్న విషయం కాదు.

నిద్ర పట్టని రాత్రుల గురించి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలను ఒక పత్రిక 2008లో వెబ్‌సైట్‌లో పెట్టింది. డేవిడ్ కార్డ్ తదితర ఆర్థికవేత్తలు అక్కడి యూనివర్సిటీ ఉద్యోగుల్లో కొందరికి ఆ సైట్ గురించి చెప్పి, తర్వాత వాళ్ల మనసెలా ఉందో అడిగారు. 2012లో అచ్చయిన ఆ ఫలితం ఇది: తోటివారికంటే తక్కువ జీతం తమదని తెలుసుకున్నవాళ్లకు ఉద్యోగం మీద తృప్తి తగ్గింది, వేరే పని వెతకాలన్న ఆలోచన పెరిగింది. తమదే ఎక్కువని తెలుసుకున్నవాళ్లలో మాత్రం తృప్తి ఏమీ పెరగలేదు. పోల్చుకోవడంలో నష్టమే తప్ప లాభం లేదన్నమాట. మీ నలుగురిలో నాలుగు రెట్లు తెచ్చుకునే ఆ స్నేహితుడు కూడా తనకంటే పైవాడిని తలుచుకుని మేలుకునే ఉంటాడేమో.

అయితే ఆ పరిశోధనలో వాళ్లు పోల్చుకున్నది ఒకే చోట, ఒకే రకం పని చేసేవారితో. ఆ పోలిక బాధపెట్టినా దానివల్ల పని జరుగుతుంది, ఎందుకంటే దాన్ని పట్టుకుని ఎవరినైనా అడగొచ్చు. నర్సుతో, డ్రైవరుతో, ప్రోగ్రామరుతో పోల్చుకుని మీరు ఎవరిని ఏమని అడుగుతారు? మీరు తెలుసుకోవాల్సిన జీతాలు మీలాగే అకౌంట్స్ చూసేవాళ్లవి, మీకున్నంత అనుభవంతో, మీకంటే పెద్ద సంస్థల్లో. మీ ఉత్తరంలో ఆ అంకె ఒక్కటే లేదు.

నేను చెప్పదలచిన మూడో దారి అదే. ముందు ఇంటి లెక్క వేయండి: అన్ని ఖర్చులూ పోయి, కష్టకాలానికి కాస్త పక్కన పెట్టగలగాలంటే మీ జీతం ఎంత పెరగాలి? సగం పెరగాలని మీరు అనుకోవడం లేదు, సేల్స్ వాళ్లు అన్నారు కాబట్టి ఆ అంకె మీ తలలో కూర్చుంది. అసలు అవసరం ఐదో వంతో, నాలుగో వంతో అయివుండొచ్చు. అంత పెంపు, మీకు చేతనైన పనిలోనే, మీ గంటలు పెద్దగా మారకుండా మరో సంస్థలో దొరికే అవకాశం బాగానే ఉంటుంది. ఒకే చిన్న సంస్థలో 12 ఏళ్లుండిపోయినవారి జీతం బయటి ధరకంటే వెనకబడటం మామూలే.

ఈ వారంలోనే మీ పని చేసే నలుగురితో మాట్లాడండి. మొహమాటపడొద్దు, "నా అనుభవానికి బయట ఎంత ఇస్తున్నారు" అని అడిగితే చాలామంది చెబుతారు. రెండు మూడు చోట్ల దరఖాస్తు పెట్టండి. ఆ అంకెలు చేతికొచ్చాక మీ యజమానితో కూర్చోండి. నాలుగు రెట్లు తెచ్చుకునే స్నేహితుడి ఊసు ఎత్తొద్దు, ఇంటి ఇబ్బందులూ చెప్పుకోవద్దు. మీరు చేసే పనుల జాబితా, బయట ఆ పనికి ఇస్తున్న జీతం, ఈ రెండే ముందు పెట్టండి. పెంచలేనంటే పని గంటలు తగ్గించమని గానీ, వారానికి ఒక పూట సెలవివ్వమని గానీ అడగొచ్చు. గంట లెక్కన చూస్తే అదీ పెంపే.

సేల్స్ వాళ్లకు కాదని అప్పుడే చెప్పకండి, కాస్త గడువు అడగండి. ఖాయమైన జీతం ఎంతో ఆఫర్ లెటర్‌లో రాసిమ్మనండి. పోయిన ఏడాది వాళ్ల మనుషుల్లో ఎందరు టార్గెట్ అందుకున్నారో, మీకంటే ముందు ఆ కుర్చీలో ఉన్న వ్యక్తి ఎందుకు వెళ్లిపోయాడో అడగండి. వీలైతే అక్కడ రెండేళ్లు దాటిన ఒకరిని పట్టుకుని సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరతారో కనుక్కోండి. ఖాయమైన జీతమే మీ ఇప్పటి జీతాన్ని బాగా మించి ఉండి, 11 గంటలన్నది పుకారని తేలి, కొత్తవాళ్లతో మాట్లాడటం మీకు ఇష్టమైతే, నా సలహా మారుతుంది, నిస్సంకోచంగా చేరండి. అవి తేలకపోతే అకౌంట్స్‌లోనే వెతకండి. కొత్త సంస్థ ఇంటర్వ్యూలో జీతం మాటతో పాటు, నెలాఖరులోనూ ఏడాది చివరా లెక్కలు ముగించేటప్పుడు ఎన్ని రాత్రులు ఆఫీసులో ఉండాల్సి వస్తుందో కూడా అడిగి తెలుసుకోండి.